కూతురికంటే ముందు

కినత్తుకడవు చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో ఎవరి బోరు మోటారు కాలిపోయినా చిత్ర షెడ్డుకే తెస్తారు. మాడిన తీగ తీసేసి, కొత్త రాగి తీగతో కాయిల్ కట్టడం ఆమె పని. ఆ పనిలో ఆడవాళ్ళు అరుదు. ఆమెకు నేర్పింది తండ్రి చిన్నసామి. ఆమె చేతి మోటారు నాలుగేళ్ళు నోరెత్తదని రైతులు చెప్పుకుంటారు.

వాళ్ళది తరతరాలుగా కోయంబత్తూరు సీమలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. బడిలోనూ బజారులోనూ తమిళం, ఇంట్లో తెలుగు. చిత్రకు తెలుగు మాటే తప్ప రాత తెలియదు.

చిన్నసామికి నలభై ఆరో ఏట చేతులు వాటంతట అవే ఎగరడం మొదలైంది. నడక తూలింది. చుక్క ముట్టని మనిషిని ఊరు తాగుబోతు అంది. పళని గుడికి తీసుకెళ్ళి గుండు కొట్టించారు, తాయెత్తులు కట్టించారు. ఆరేళ్ళ తర్వాత కోయంబత్తూరులో నరాల డాక్టరు జబ్బు పేరు చెప్పాడు, హంటింగ్టన్ అని. మెదడును మెల్లగా తినేసే జబ్బు. నయం చేసే మందు లేదు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. కావాలంటే రక్త పరీక్షతో ముందే తెలుసుకోవచ్చు అన్నాడాయన.

"వేండాం," అంది చిత్ర. అక్కర్లేదంటే అక్కర్లేదు.

తండ్రికి ఆరేళ్ళు తన చేత్తో అన్నం తినిపించి సాగనంపింది. ఆ తర్వాతా పరీక్ష ఊసెత్తలేదు. కానీ పని మధ్యలో స్పానర్ జారిందా, ఇక ఆ పూటకు పని లేదు. వేళ్ళు చాపి వాటినే చూస్తూ కూర్చునేది. కొబ్బరి పీచు మిల్లులో పనిచేసే భర్త ఈశ్వరన్ అది గమనించేవాడు, అడిగేవాడు కాదు.

చిత్రకు ముప్పై తొమ్మిదేళ్ళు నిండిన ఏడాది, నర్సింగ్ చదువుతున్న కూతురు శ్రీమతి సెలవుకు ఇంటికొచ్చి షెడ్డులో తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, నేను ఆ టెస్టు చేసుకుంటా."

"ఇప్పుడేంటికి పాపా?"

"ఏ పుస్తకం తెరిచినా తాత చేతులే కనపడతా ఉండాయి. తెలిసిపోతే సరి."

కూతురికి పందొమ్మిదేళ్ళు. కాదనే హక్కు తనకు లేదనుకుంది చిత్ర. ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. పరీక్షకు ముందు మాట్లాడే కౌన్సిలర్ అన్నీ విని ఒక సంగతి చెప్పింది. శ్రీమతికి జబ్బు ఉందని తేలితే అది తల్లి నుంచి వచ్చినట్టే. తల్లి వద్దనుకున్న జవాబు కూడా అదే కాగితంలో బయటపడుతుంది.

శ్రీమతి లేచి నిలబడింది. "అట్లయితే నాకు వేండాం. పోదాం రా అమ్మా."

ఇద్దరూ బస్సెక్కి ఇంటికొచ్చేశారు.

చిత్ర మూడు వారాలు ఆలోచించింది. తెలియకపోవడాన్ని పట్టుకునే ఇన్నేళ్ళూ పని చేసింది, కూతురిని పెంచింది, నవ్వింది. ఇప్పుడు దాన్ని వదలాలి. ఒక పొద్దున భర్తను అడిగింది.

"నాకు ఉండాదని తెలిస్తే నన్ను ఎట్ల చూస్తావు?"

"ఇప్పుడెట్లనో అట్లనే."

"అబద్ధం."

"అబద్ధమే," ఒప్పుకున్నాడు ఈశ్వరన్. "కొంచం ఎక్కువ చూస్తా."

ఆ రోజే కూతురికి ఫోన్ చేసింది. "ముందు నేను. నాకు లేదంటే నీకు రాదు, నీ భయం అంతటితో ముగిసె. ఉండాదంటే అప్పుడు నీ ఇష్టం."

"నా కోసం నీవు చేసుకోవద్దు అమ్మా."

"నీ ఒక్కదాని కోసమే అని ఎవరు చెప్పింది? తొమ్మిదేండ్లుగా వేళ్ళు చూసుకునేది నేను. నాకే విసుగొచ్చె."

రక్తం ఇచ్చేముందు కౌన్సిలర్ రెండుసార్లు అడిగింది, వెనక్కి తగ్గవచ్చని కూడా చెప్పింది. చిత్ర చెయ్యి చాపింది. ఆరు వారాలకు ఫలితం వచ్చింది. శ్రీమతిని బయట బెంచీ మీదే ఉండమని, భర్తతో లోపలికి వెళ్ళింది. డాక్టరు తమిళంలో నెమ్మదిగా చెప్పాడు. ఉంది. ఎప్పుడు మొదలవుతుందని అడిగింది. చెప్పలేమన్నాడు. ఈశ్వరన్ అక్కడే ఏడ్చేశాడు.

చిత్ర బయటికొచ్చి కూతురి ముందు కూర్చుని ఇంటి మాటలో చెప్పింది. "ఉండాది పాపా. నాకు ఉండాది. నీకు ఉండాదో లేదో ఇంకా ఎవరికీ తెలీదు. అది వేరే, ఇది వేరే." శ్రీమతి ఆమె ఒడిలో తల పెట్టేసింది.

ఆ తర్వాత పది రోజులు షెడ్డు తెరుచుకోలేదు. చిత్ర గోడవైపు తిరిగి పడుకుంది. పదకొండో రోజున లేచి తల స్నానం చేసి, మదురై బస్సెక్కింది.

అక్కడ మాట్టుతావణి కూరగాయల మార్కెట్టులో మూటలు మోసే తంగవేల్ ఉన్నాడు. చిత్రకు చిన్నాన్న కొడుకు, ఆ చిన్నాన్న చిన్నవయసులోనే పోయాడు. తూలుతున్నాడు, తాగుతున్నాడని రెండేళ్ళ కిందట పనిలోంచి తీసేశారు. ఆమె ఎందుకొచ్చిందో తెలిసి ఇంటి పెద్ద, పెదనాన్న దురైసామి అడ్డుపడ్డాడు.

"బయట చెప్పినావంటే మన ఇంట్లో పిల్లను ఇస్తారా, తీసుకుంటారా?"

"మా నాయన తాగుబోతు కాదు పెదనాయనా, తంగవేలూ కాదు. జబ్బుకు పేరుండాది. ఆ పేరు మనమే చెప్పాల," అంది చిత్ర.

మర్నాడు తంగవేల్‌ను తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అదే జబ్బు. నయం కాదు, కానీ ఇచ్చిన మాత్రలతో చేతుల ఎగురుడు కొంత తగ్గింది. "రెండేండ్లు ఈయన్ను తిట్టినానే అక్కా," అని అతని భార్య ముత్తులక్ష్మి చిత్ర చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ నెలలోనే చిత్ర తండ్రి తరపు చుట్టాల్లో మిగిలిన నాలుగు ఇళ్ళకూ వెళ్ళింది. రెండు ఇళ్ళవాళ్ళు కూర్చోబెట్టి విన్నారు. ఒకరు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. నాలుగో ఇంట తలుపు తీయలేదు, గడప దగ్గరే నిలబడి గట్టిగా చెప్పి వచ్చింది.

ఇది జరిగి రెండేళ్ళు. చిత్ర షెడ్డు నడుస్తోంది. ఆరు నెలలకోసారి డాక్టరుకు చూపించుకుంటుంది. ఇప్పటికి చేతులు బాగానే ఉన్నాయి. పక్కింటి పొన్నుకు కాయిల్ కట్టడం నేర్పుతోంది. "నేను చుట్లు తప్పినానంటే మొహమాటం వేండాం, చెప్పెయ్యి," అని ఆమెకు మొదటిరోజే చెప్పి పెట్టింది.

శ్రీమతి పొల్లాచ్చిలో నర్సుగా చేరింది. పరీక్ష చేయించుకోలేదు. చుట్టాలెవరైనా ఆ మాటెత్తితే చిత్ర అక్కడే ఆపేస్తుంది. "అది దాని ఇష్టం. కావాలంటే నా సంగతి అడగండి, చెప్తా." తను కూడా కూతురిని ఇంతవరకు ఒక్కసారీ అడగలేదు.