బొటనవేలి గోటి మీద గీతలు

మా పై మంచం ఆయన పోయాడని గురువారం మధ్యాహ్నం ఫోన్‌లో కబురొస్తే నేను నమ్మలేదు. దుఃఖంతో నమ్మకపోవడం కాదు, అనుమానంతో నమ్మకపోవడం. కువైట్ మహబూలాలో మా గదిలో ఆరేళ్లుగా నా నెత్తిమీది మంచంలో పడుకున్న మనిషి ఆయన. ఎవరైనా తన కోసం అడుగుతూ వస్తే "సచ్చిపోయిండని చెప్పు మాస్టర్" అని నాకు ముందే అప్పజెప్పి ఉంచాడు. నిజంగానే ఎక్కడో దాక్కోవలసి వచ్చి, ఆ మాట వాడేశాడేమో అనుకున్నాను.

ఆయన నంబరుకే ఫోన్ చేశాను. మోగింది. చూశావా, అనుకున్నాను. ఎత్తింది మాత్రం సల్వా పేటలో ఆయన డ్రైవరుగా ఉన్న ఇంట్లో పనిచేసే గోదావరి అమ్మాయి.

"అన్నయ్య ఇంక లేరండి మాస్టారూ. పిల్లల్ని బడి దగ్గర దింపొచ్చి, కారు నీడన పెట్టుకుని, అందులోనే కూర్చున్నారండి. కునుకు తీస్తున్నారనుకున్నాం. గుండె అన్నారండి. మామా కూడా ఏడుస్తున్నారు." ఇంటి యజమానురాల్ని ఇక్కడ మామా అంటాం.

"ఆయన జేబులో సామాను నీ దగ్గరే ఉందా తల్లీ? ఏమేం ఉన్నాయో చూసి చెప్పు."

"అదేం అడగడమండీ, ఇలాంటప్పుడు?"

"చూడమ్మా."

కాసేపటికి చెప్పింది. "ఓ అగ్గిపుల్లండి. వేలంత నల్లరాయొకటి. చెయ్యంతా నూనైపోయింది నాకు."

అప్పుడు నమ్మాను. దాక్కోవడానికి పోయేవాడైతే ఆ రాయిని వదిలేసి పోడు.

ఇప్పుడు ఇదంతా రాయడానికి భయం లేదు. ఆయన ఇఖామాను, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డును, ఇక ఎవరూ రద్దు చేయలేరు. అయినా జట్టు పేరు రాయను, ఆ మంచు మైదానం ఏ పేటలో ఉందో రాయను. ఆయన దగ్గర నేర్చుకున్న జాగ్రత్త అది.

అంతా నిరుడు ఒక స్వెట్టరుతో మొదలైంది. కువైట్‌లో సెప్టెంబరు నెలంటే కుళాయి తిప్పితే టీకి నీళ్లు వేరే కాచుకోనక్కర్లేదు. అలాంటి రోజుల్లో ఒక మనిషి బాల్కనీలో ఉన్ని స్వెట్టరు, ఉన్ని టోపీ ఉతికి ఆరేసుకుంటుంటే గదిలో మిగతావాళ్లు ఏమనుకోవాలి? మా గదిలో నలుగురం.

"కోల్డ్ స్టోరేజిల దొంగ డ్యూటీ చేస్తాండు," అన్నాడు నిజామాబాద్ తమ్ముడు.

"యాడో ఏసీ బాగా ఉండే ఇంట్లో ఒక మనిషి ఉంటాదిలే," అన్నాడు మా రాయచోటి వంటాయన, ఉల్లిగడ్డ కోస్తూ.

నాకు ఇంకా చెడ్డ ఆలోచన వచ్చింది. మొహం దాచుకునే టోపీ అది. మా గుట్టు ఎవరికో చేరవేసే మనిషేమో అనుకున్నాను.

నేను టైలర్ని. బడిలో చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా నమూనాలు కత్తిరించే పాత పేపర్ల మీద సాగింది, అందుకే నాకు తెలిసిన లోకవార్తలన్నీ చంకల దగ్గర తెగిపోయి ఉంటాయి. కానీ జేబులు చదవడం మాత్రం పూర్తిగా వచ్చు. జేబు మూలన చేరే దుమ్ము మనిషి పనేమిటో చెప్పేస్తుంది. తాపీ మేస్త్రీకి సిమెంటు, వంటాయనకు పసుపు. డ్రైవరు జేబులో ఇసుక ఉండాలి. ఒకరోజు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆయన ప్యాంటు జేబు తిరగేసి చూస్తే నల్లటి ఇనుప పొడి వచ్చింది.

మర్నాడు పై మంచం నుంచి తల కిందికి వాలింది.

"మాస్టర్, నా జేబుల అగ్గిపుల్ల ఎటు వోయింది?"

"అగ్గిపుల్లెందుకన్నా నీకు? నువ్వు బీడీ గూడా తాగవు కదా."

"తాగ. ఎవలన్న చెయ్యి వెడ్తె పడిపోవాలెనని పెట్టుకున్న. పడ్డది."

పది రోజులు మాటల్లేవు. ఆయన అటు తిరిగితే మంచం కిర్రుమనేది. నేను వింటున్నానని ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని నాకు తెలుసు.

అక్టోబరులో మా కొట్టుకు ఒకాయన ఓ సంచి నిండా ఆకుపచ్చ చొక్కాలు తెచ్చాడు. వీపు మీద నంబర్లు కుట్టాలట. ఒక్కో చొక్కాలో మా వంటాయన, నిజామాబాద్ తమ్ముడు కలిసి దూరొచ్చు. సంచి అడుగున ఒక మసిగుడ్డ ఉంది. దాని మీద అదే నల్ల పొడి. కుట్టడం అయ్యాక చొక్కాలు నేనే మోసుకెళ్లాను.

బయట మాడు పగిలే ఎండ. లోపల అడుగు పెట్టగానే ముక్కులో వెంట్రుకలు నిలబడ్డాయి. ఎదురుగా పెద్ద మంచు పలక, దాని మీద ఇనుప పట్టీల బూట్లేసుకుని, కర్రలు పట్టుకుని, నల్ల బిళ్ల వెంట కొట్లాడుకుంటున్న మనుషులు. ఐస్ హాకీ అంటారని తర్వాత తెలిసింది. నేను వెళ్లింది మాత్రం కర్ర్‌మనే చప్పుడు వెంట. బట్టలు మార్చుకునే గదుల వెనక ఒక చిన్న కొట్టు. స్వెట్టరు, టోపీ వేసుకుని, తిరిగే రాయికి ఒక బూటు పట్టీ ఆనించి, నిప్పురవ్వల మధ్య మా పై మంచం ఆయన.

నన్ను చూసి రాయి ఆపేశాడు.

"ఎవలు పంపిన్రు నిన్ను?"

"చొక్కాలు తెచ్చినా."

సంచి లాక్కుని ఒక్కొక్క చొక్కా లెక్కపెట్టాడు, కింద ఇంకెవరైనా దాక్కున్నారేమో అన్నట్టు.

"సూసినవు గదా. ఇగ నీ ఇష్టం. నా ఇఖామా సల్వాల ఇంటి పనికి. ఈడ రాయి మీద చెయ్యి వెట్టినట్టు ఎవలన్న సూస్తె జైలు, ఆ తర్వాత జగిత్యాల. నాకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంటికి గూడ మచ్చ."

"మరి ఎందుకన్నా ఈ తంటా?"

ఆగిన రాయిని అరచేత్తో తుడిచాడు. "మా తాత సాన వట్టిండు. నాయిన వట్టిండు. నేను ఇరవై ఏండ్లసంది స్టీరింగు వట్టిన. మామా పిల్లలను ఆటకు తోలుకచ్చిన రోజు ఈ రాయి సప్పుడు ఇన్న. కాళ్లు కదల్లే మాస్టర్."

ఆ రోజే ఆయన పని దగ్గర నుంచి చూశాను. ఈ బూట్ల పట్టీ కత్తిలా ఉండదు. నడుమ సన్నని గాడి, అటూ ఇటూ రెండు అంచులు. ఆ రెండూ సమానంగా లేకపోతే మనిషి ఒక పక్కకు జారతాడు. వంద ఫిల్సుల నాణెం అంచుల మీద అడ్డంగా పెట్టి, కన్ను మూసి ఒరుగు చూసేవాడు. ఆఖరికి పట్టీని తన ఎడమ బొటనవేలి గోటి మీద ఆనించి మెల్లగా లాగేవాడు. గోటి నుంచి తెల్లని పొట్టు రాలితే పదును కుదిరినట్టు. ఆ గోరంతా గీతలే. ఐదేళ్లుగా కింది మంచంలో పడుకుని కూడా ఆ గోరు నేను చూడలేదు.

నన్ను వెంటనే నమ్మాడని చెప్పను. ప్రాక్టీసు సోమవారం ఉందని నాకొక అబద్ధం చెప్పి, సోమవారం రోడ్డవతల నిలబడి ఎవరైనా పట్టుకోవడానికి వస్తారేమోనని కాపలా కాశాడు. ఎవరూ రాలేదు. మంగళవారం నాకు టీ పోశాడు.

అలా ఆ సీజనంతా శుక్రవారం మధ్యాహ్నాలు మేమిద్దరం ఆకుపచ్చ జట్టు వెంట తిరిగాం. మొదటి నాలుగు ఆటలు ఓడిపోయారు. రిఫరీ అమ్ముడుపోయాడని నేను, ఎదుటి జట్టువాళ్లు మంచు మీద నీళ్లు చల్లించారని ఆయన. అనుమానించనిది ఒక్క స్కోరుబోర్డునే. నేను బిళ్ల వెంట మెడ తిప్పుతుంటే కసిరేవాడు. "బిళ్లను సూడకు మాస్టర్, కాళ్లను సూడు. కాళ్లు అబద్ధమాడయి."

ఆయన ప్రాణం గోల్‌కీపరు మీద. ఎక్కడో చలిదేశం నుంచి జీతానికి వచ్చినవాడు. మా గది తలుపులో నేరుగా పట్టడు. "వాడు గూడ మన లెక్కనే. వానికి ఇఖామా ఉన్నది, కఫీల్ ఉన్నడు. వాని కాలు జారితె వాని కొలువు ఖలాస్, నా చెయ్యి దొరికితె నాది ఖలాస్," అనేవాడు. వాడు ఈయన్ని ఉస్తాద్ అనేవాడు. నూతన సంవత్సరం నాటికి జట్టు వరసగా గెలవడం మొదలెట్టింది.

అప్పుడొచ్చాడు ఫైలు మనిషి. రెండో వరసలో ఒక్కడే కూర్చునేవాడు. పాదాల దాకా దిగే బూడిదరంగు అరబ్బు చొక్కా, దిష్‌దాషా. ఒళ్లో ఫైలు. ఆట చూస్తాడు, ఏదో రాసుకుంటాడు, తల తిప్పి మా వైపు చూస్తాడు.

"షూన్ మనిషి," అన్నాడు పై మంచం ఆయన పెదవి కదపకుండా. పనివాళ్ల కాగితాలు తనిఖీ చేసే ఆఫీసును మేం షూన్ అంటాం.

ఆ మర్నాటి నుంచి రాయి ముట్టడం మానేశాడు. ఆటకు వస్తే నా పక్కన బొమ్మలా కూర్చునేవాడు. కొత్తగా సాన పట్టడానికి ఎవరినో పెట్టారు. జట్టు వరసగా మూడు ఆటలు ఓడింది. గోల్‌కీపరు ఎడమ కాలు జారుతోందని ఈయన, జారుతోందని నేను. ఒక సాయంత్రం ఆ గోల్‌కీపరే నా కొట్టుకు వచ్చి, కత్తిరించే బల్ల మీద బూట్లు పెట్టి, "ఉస్తాద్?" అన్నాడు. ఆ ఒక్క మాటే.

ఆ బూట్లకు మా గదిలోనే, బకెట్ బోర్లించి కూర్చుని, చేతిలో వేలంత నల్లరాయితో ఆయన పదును పెట్టాడు. నిజామాబాద్ తమ్ముడు, వంటాయన నోరెళ్లబెట్టి చూశారు.

"అయితే ఆడమనిషి ల్యాదా?" అన్నాడు వంటాయన.

"ఉన్నది. గిదే," అని బూటు ఎత్తి చూపించాడు. అప్పటి నుంచి ప్రతి గురువారం వంటాయనే బూట్లు ఉల్లిగడ్డల సంచిలో పెట్టి తెచ్చేవాడు. జట్టు మళ్లీ గెలిచి ఫైనల్‌కు చేరింది.

ఫైనల్ రోజు ఫైలు మనిషి రెండో వరసలోనే ఉన్నాడు. ఆట మూడు భాగాలు, నడుమ రెండు విరామాలు. రెండో భాగం చివర్లో గోల్‌కీపరు కాలు ఇనుప స్తంభానికి గుద్దుకుంది. లేచి నిలబడ్డాడు కానీ ఎడమ కాలు పట్టు తప్పింది. అంచు పోయింది. విరామానికి లోపలికి పోతూ తలెత్తి మా వైపు చూశాడు. పిలవలేదు. చూశాడంతే.

పై మంచం ఆయన ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"నేను రాకుంటె సల్వాల మామాకు చెప్పు. ఆదివారం పిల్లలను బడికి తోలుకపోను మనిషిని సూసుకోవాలె."

"వద్దన్నా. వాడు చూస్తాండాడు."

"సూడనీ."

జేబులోంచి రాయి తీసి, ఫైలు మనిషి ముందు నుంచే నడిచి వెళ్లాడు. ఫైలు మనిషి లేచి వెంట బయలుదేరాడు.

అప్పుడు నేను చేసిన పని టైలరు తప్ప ఇంకెవరూ చేయరు. ఎదురెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "బటన్, బాబా! బటన్ ఊడిపోతోంది!" ఊడలేదు. నా వేలే లాగింది. కాలరు కింద ఎప్పుడూ సూది, దారం ఉంటాయి నాకు. మెట్ల మీద నిలబెట్టి, ఆయన మణికట్టు వదలకుండా, ఒక్క బటన్‌కు ఇరవై కుట్లు వేశాను. లోపల రాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇద్దరికీ.

"నువ్వు ఆయనకు దోస్తువా?" అన్నాడు సగం హిందీలో.

"ఆయనెవరో తెలియదు బాబా."

"ఈ సీజనంతా ఒకే గ్లాసులో టీ తాగుతున్నారు."

నా సూది ఆగింది. ఆయన ఫైలు తెరిచాడు. స్కోర్లు. ప్రతి ఆటకు ఒక పేజీ, గోల్‌కీపరు ఆపిన ప్రతి బిళ్లకు ఒక గీత.

"మీరు అనుకున్నది నిజమే. నాది ఆ ఆఫీసే. కానీ శుక్రవారం నాకు సెలవు. మన గోల్‌కీపరు కాలు బాగవ్వనీ," అన్నాడు. మన అన్నాడు. తర్వాత బటన్ సర్దుకుంటూ, "ఆదివారం డ్యూటీ ఎక్కుతాను. ఆ తర్వాత ఆ కొట్టులో ఆయన కనిపిస్తే చూడనట్టు ఉండటం నాకు చేతకాదు. చెప్పు ఆయనకు."

చెప్పాను. ఒక్క గోల్ తేడాతో మా జట్టు ఓడిపోయింది. నేను తల పట్టుకుంటే ఆయన మాత్రం తాపీగా టోపీ తీసి మడిచాడు. "గోల్ వడ్డది. కాలు జారలే," అన్నాడు. కొట్టు తాళం ఆ రోజే అప్పగించేశాడు. "ఇగ డ్రైవర్నే," అన్నాడు.

వేసవి గడిచింది. ఎండ తగ్గకముందే కొత్త సీజను మొదలైంది. ఊరికే చూడటానికి వెళ్లేవాళ్లం. గోల్‌కీపరు నిలకడగా ఆడుతున్నాడు. "కొత్తాయన చెయ్యి కుదిరినట్టుందన్నా," అంటే "కుదిరిందేమో" అన్నాడు. ఈ మధ్య టీ గ్లాసు పట్టుకునేటప్పుడు ఎడమ బొటనవేలు లోపలికి మడుచుకునేవాడు. కీళ్లనొప్పులేమో అనుకున్నాను. జేబులు చదవడం వచ్చిందని విర్రవీగినవాణ్ని, వేలు చదవలేకపోయాను.

ఆఖరిచూపుకు మార్చురీకి వెళ్లాం. పెట్టె పక్కన సిద్ధంగా ఉంది. కాళ్ల దగ్గర ఒకాయన కాగితాల కట్ట పట్టుకుని వేలిముద్రలు, పేర్లు సరిచూసుకుంటున్నాడు. గోల్‌కీపరు తల వంచుకుని తలుపు దాటి లోపలికి వచ్చాడు. చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, సిగ్గుపడుతూ అన్నాడు.

"ఉస్తాద్ కారులో... నా బూట్లు ఉన్నాయి. తొందరేం లేదు."

నేను ఆయన ఎడమ చేయి చూశాను. గోరు పూర్తిగా కొత్తది రావడానికి ఆరు నెలలు చాలు. ఫైనల్ అయ్యి ఏడు నెలలు దాటింది. ఈ గోటి మీద గీతలు నిండా ఉన్నాయి. గోరు మొదలు దగ్గరిది ఒకటి ఇంకా తెల్లగా, పొట్టు కూడా రాలకుండా ఉంది.

కాగితాల ఆయన ఇటువైపు వస్తున్నాడు. నేను ఆ బొటనవేలిని లోపలికి మడిచి, దాని మీద మిగతా నాలుగు వేళ్లూ మూశాను. ఆయన ఎలా మూసుకునేవాడో అలాగే.