పిన్ని నవ్విన ఫైలు

తొంభైల చివర్లో మా ఇంటికి కంప్యూటరు వచ్చింది. అప్పటికి నేను రైల్వే ఆఫీసులో రికార్డు రూము చూడటం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. పాతికేళ్ల నాటి సర్వీసు ఫైలు కావాలని ఎవరైనా వస్తే, వాళ్లు క్యాంటీన్‌లో టీ తాగి వచ్చేలోగా తీసి బల్ల మీద పెట్టేవాణ్ణి. ఆ విషయంలో నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

కంప్యూటరు కొన్నది నాన్న క్యాసెట్ల కోసమే. ఎనభైల మొదట్లో ఆయన, బెంగాలీల నడుమ మేముండే ఈ రైల్వే ఊరి గోల్‌బజార్‌లో ఒక టేప్ రికార్డరు కొన్నారు. శుక్రవారం సాయంత్రాలు మా క్వార్టరు వరండాలో అమ్మ, పిన్ని, ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరి పాడుతుంటే, రికార్డరును స్టూలు మీద పెట్టి ఎర్ర బటను నొక్కేవారు. పిన్ని అంటే అమ్మ చెల్లెలు. పలాస నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంటూ చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే కామెర్లు ముదిరి పోయింది. తర్వాత నాలుగేళ్లకు నాన్నా పోయారు. ముప్పై చిల్లర క్యాసెట్లు ఒక రేకు డబ్బాలో మిగిలాయి.

మా ఊరి వానలకు టేపుకు తెల్లగా బూజు పడుతుంది. అప్పటికే నాలుగైదు క్యాసెట్లు తిరగడం మానేశాయి. మిగతావి పోకముందే కంప్యూటరులోకి ఎక్కించాలనుకున్నాను. మేం దాదా అని పిలిచే రేడియో మెకానిక్కు దగ్గరికి వెళ్లి, టేపు నుంచి కంప్యూటరుకు పాట వెళ్లేందుకు తీగ కావాలని అడిగితే, ‘హో జాయేగా, కల్ ఆనా’ అని, రేపు రమ్మన్నాడు. మర్నాటికి రెండు కొసలకూ పిన్నులు అతికించి ఇచ్చాడు.

గంట క్యాసెట్టు ఎక్కించడానికి గంటా పడుతుంది. ఆదివారాలన్నీ దానికే పోయాయి. ఒక్కొక్కటీ పూర్తవగానే కంప్యూటరు పేరు అడిగేది. నాకేమో త్వరగా తర్వాతి క్యాసెట్టు పెట్టాలని ఆత్రం. ‘పాట1’, ‘పాట2’, ‘కొత్తది’, ‘కొత్తది2’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేసేవాణ్ణి. అది ఎక్కడ దాస్తోందో కూడా చూసేవాణ్ణి కాదు. బూజు పట్టిన క్యాసెట్లను, ఎక్కించగానే, ఇంకెందుకని పారేశాను.

నాలుగు నెలలకు డిస్కు నిండిపోయింది. అప్పుడు ఫైళ్ల కోసం వెతికితే అవి ఇల్లంతా చిందిన బియ్యంలా ఉన్నాయి. కొన్ని మా అబ్బాయి ఆటల ఫోల్డరులో, కొన్ని రికార్డు చేసే ప్రోగ్రాము పక్కనే, కొన్ని ఎందుకు చేశానో నాకే తెలియని ఫోల్డర్లలో. అన్ని శబ్దాల ఫైళ్లనూ ఒకేసారి చూపించమంటే, కంప్యూటరు తనంతట తాను మోగించే టింగుమనే గంటల మధ్య మా అమ్మ మంగళహారతి కనిపించింది. ఆఫీసులో అంత పద్ధతిగా ఉండే మనిషిని, ఇంట్లో ఇలా చేశానేమిటని సిగ్గేసింది.

చోటు కావాలి కాబట్టి ఒక పని చేశాను. ఒక్కో ఫైలును మొదటి అర నిమిషం విని, పాట ఉంటే ఉంచాను. గిన్నెల చప్పుడో, రైలు చప్పుడో, గోల మాటలో మాత్రమే ఉంటే తీసేశాను. చివర్లో కంప్యూటరు చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. ఆ పూట నాకెంతో తృప్తిగా ఉంది.

ఆ తర్వాతి ఆదివారం అమ్మ వచ్చి నా వెనక కుర్చీలో కూచుంది.

‘ఒరే, పిన్ని ఊయల పాట ఎట్టరా. మధ్యలో మర్సిపోయి నవ్వీసింది సూడు, అది.’

వెతికాను. పిన్ని గొంతు వేరే పాటల్లో అందరితో కలిసి వినిపించింది గానీ, ఊయల పాట ఎక్కడా లేదు.

‘మొదట్లో ఏటుంటాదమ్మా ఆ టేపులో?’

‘ఏటుంటాది, కార్ఖానా సైరను కూసింది. అది ఆగీదాకా మీ నాన్న అందర్నీ కూకోమన్నారు. ఎవులో పళ్లేలు కడుగుతన్నారు. తర్వాత పాట.’

సైరనుతో మొదలైన ఫైలు నాకు బాగా గుర్తుంది. ఏమీ లేదనుకుని తీసేసిన వాటిలో అది మొదటిది.

ఆ రోజు నిజం చెప్పలేకపోయాను. ‘వెతుకుతన్నానమ్మా, వచ్చే వారం’ అన్నాను. రెండు వారాలు అలాగే గడిపాను. ఆఫీసులో కంప్యూటరు తెలిసినవాళ్లను అడిగితే, దాని మీద ఇంకేవో రాసేశావు కాబట్టి రాదన్నారు. మూడో ఆదివారం వంటింట్లో అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఎదురుగా కూచుని చెప్పాను.

అమ్మ తిట్టలేదు. చేతిలో ఉన్న కాయ ఈనె తీయడం పూర్తి చేసి గిన్నెలో వేసింది.

‘క్యాసెట్టు?’

‘బూజు పట్టిందని పారేసినాను.’

‘పోనీలే. నువ్వు మటుకు కావాలని చేసినావేటి’ అంది. ఆ మాట తిట్టుకన్నా బరువుగా తగిలింది.

మర్నాడు నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే అమ్మే పిలిచింది. ‘ఆ రోజు పక్క క్వార్టరు దీదీ కూడా పాడింది. తన పాట కావాలని ఆ క్యాసెట్టు అడిగి కాపీ చేయించుకుంది. ఉందేమో అడుగుదాం.’

పక్క క్వార్టరు దీదీ బెంగాలీ ఆవిడ; ఆవిడా అమ్మా ఒకరినొకరు దీదీ, అంటే అక్కా అనే పిలుచుకునేవారు. భర్త రిటైరయ్యాక మా ఊళ్లోనే ఝపటాపూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం రిక్షా కట్టించుకుని వెళ్లాం. అమ్మను చూడగానే ఆవిడ చేతులు పట్టుకుని, ‘ఇన్ని రోజులకా దీదీ’ అని మా తెలుగులోనే అడిగింది. పక్కపక్కన పదిహేనేళ్లు ఉండి, ఆవిడకు తెలుగూ అమ్మకు బెంగాలీ వచ్చేశాయి. విషయం చెప్పగానే లోపలికి వెళ్లి, చీరల పెట్టె అడుగు నుంచి ఒక క్యాసెట్టు తీసుకొచ్చింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి కర్పూరం బిళ్లలు వేసి దాచింది. బూజు లేదు.

అక్కడే ఆవిడ టేపులో పెట్టాం. కాపీ మధ్యలోంచి మొదలైంది. దీదీ తన పాట దగ్గర నుంచే చేయించుకుంది. అంతకు ముందున్న ఊయల పాట అందులో లేదు. అమ్మ ముఖం చూడలేక నేను కిటికీ వైపు చూశాను.

దీదీ వాన పాట అయిపోయింది. ఆపబోతుంటే టేపులో ఒక గొంతు, ‘దీదీ, ఆ రెండో లైను మళ్లీ సెప్పు’ అంది. పిన్నే. దీదీ ఒక్కో మాటా చెబుతుంటే పిన్ని బెంగాలీని మా ఉత్తరాంధ్ర యాసలోకి విరిచి పాడుతోంది. నాలుగో మాట దగ్గర దీదీ ‘అరే, అలా కాదు’ అంది. పిన్ని నవ్వింది. ఆగకుండా నవ్వింది. వెనక నాన్న, ‘టేపు తిరుగుతంది, కానియ్యండి’ అంటున్నారు.

అమ్మకూ దీదీకీ ఆ సంగతే గుర్తు లేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ‘ఇది మళ్లీ ఎట్టు’ అంది అమ్మ. నాలుగుసార్లు విన్నాం. మూడోసారికి దీదీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ క్యాసెట్టు తెచ్చి కంప్యూటరులోకి ఎక్కించాను. అది పేరు అడిగినప్పుడు అమ్మ వైపు తిరిగాను. ‘దీదీ పిన్నికి పాట నేర్పినాది, అని రాయి’ అంది. అలాగే కొట్టాను.

తర్వాత ఆరేడు వారాలు ఇద్దరం మిగిలిన ఫైళ్లన్నీ మొదటి నుంచి చివరి దాకా విన్నాం. నేను పాటల రకాన్ని బట్టి విడదీద్దామన్నాను. హారతులు, పెళ్లి పాటలు, భజనలు అని. అమ్మ ఒప్పుకోలేదు. ‘ఎవులు పాడినారో, ఆ రోజు ఇంట్లో ఎవులున్నారో అలా ఎట్టు. నేకపోతే నాకేటి దొరుకుతాది’ అంది. ఆవిడకు ఇంగ్లీషు చదవడం రాదు. అయినా ఎవరిదో దగ్గు విని, ‘ఇది కోణార్కు వెళ్లొచ్చిన వారం’ అనేది. నేను ఆఫీసు రిజిస్టరు లాంటి పుస్తకంలో నంబరు వేసి, అమ్మ చెప్పినదంతా తెలుగులో రాసుకున్నాను. ఒక ఫైలులో మొదట ఒక పాట ఉంది, తర్వాత ఇంకే పాటా లేదు. నాన్న ఆపడం మరిచిపోయినట్టున్నారు. పావు గంట పాటు పేపరు తిప్పిన చప్పుడు, సాసరు మీద కప్పు పెట్టిన చప్పుడు. తీసేద్దామా అన్నట్టు అమ్మ వైపు చూశాను. అమ్మ చివరిదాకా విని, ‘ఉంచు’ అంది.

ఊయల పాట మాత్రం పోయింది. అమ్మకు అది మొత్తం వచ్చు. అప్పుడప్పుడు పప్పు ఏరుతూ కూనిరాగం తీస్తుంది. ఒకరోజు మైకు తెచ్చి దగ్గర పెట్టి, నువ్వు పాడమ్మా, రికార్డు చేస్తాను అన్నాను.

‘వద్దురా’ అంది. ‘నేను పాడితే నా పాటవుతాది. దానిది కాదు.’

బలవంతం చేయలేదు. మైకు తీసి గూట్లో పెట్టి, పప్పులో రాళ్లు ఏరడానికి నేనూ కూచున్నాను.