మామ్మ కాళ్లు తొక్కని రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది, మామ్మ కాళ్లు తొక్కడం. గోడ పట్టుకుని ఆవిడ పిక్కల మీద అటూ ఇటూ నడవాలి. ఆ పనిలో నన్ను మించినవాడు విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా లేడు. నేను ఎక్కితే మంచం కోళ్లు నేలలోకి జానెడు లోతుకి దిగేవి. మా కోటబొమ్మాళి స్టేషన్లో ఆగిన రైలు భూకంపమనుకుని వేళకి ముందే బయలుదేరేది. జీతం, బెల్లం ముక్క.

మామ్మకి గర్భసంచి కాన్సర్. విశాఖపట్నంలో వైద్యం చేయించి తెచ్చాక, సాయంత్రమయ్యేసరికి రెండు పాదాలూ పనసకాయల్లా ఉబ్బేవి. తిండి ఒంటబట్టక, కొన్ని మందుల వల్ల, ఎంతసేపూ కూర్చునే ఉండడం వల్ల నీరు దిగుతోందన్నాడు డాక్టరు. ఉప్పు తగ్గించమన్నాడు. పడుకున్నప్పుడు కాళ్లు తలగడల మీద ఎత్తి పెట్టమన్నాడు. పాదాలు పైకీ కిందకీ ఆడిస్తూ, ఇంట్లోనే నాలుగడుగులు వెయ్యమన్నాడు. మామ్మ తలగడలకు ఒప్పుకుంది. ఉప్పు మాట వచ్చేసరికి మాత్రం ఎండుచేపల బుట్ట కేసి ఆవిడ చూసిన చూపుకి చచ్చిన చేపలకే కన్నీళ్లొచ్చాయి. తొక్కడం డాక్టరు చెప్పింది కాదు. మామ్మే కలుపుకుంది.

ఒకరోజు పొద్దున్న ఆవిడ ఎడమకాలు ఒక్కటే తొడదాకా అరటిబోదెలా వాచింది. కుడికాలు మామూలుగానే ఉంది.

"ఎక్కరా బావూ, గట్టిగా తొక్కు. పిక్క పీకేస్తన్నాది" అంది మామ్మ. తాతయ్య నువ్వులనూనె వెచ్చబెట్టి తెచ్చాడు. నేను కాలెత్తాను. సరిగ్గా అప్పుడే పక్కింటి అక్క మజ్జిగ గిన్నెతో వచ్చింది. విజయనగరంలో నర్సు చదువు చదువుతూ సెలవులకి ఇంటికొచ్చింది ఆవిడ.

"ఒరే, ఆగు. ఇంత మొనగాడివి, తొక్కే ముందు కాలు సూసుకోవేటి? రెండు సేతులూ రెండు పిక్కల మీద ఎయ్యి. మెల్లగా. ఏది వేడిగున్నాదో సెప్పు."

వేశాను. ఎడమది పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది. జిల్లా మొత్తంలో నేనే కనిపెట్టినట్టు అరిచి చెప్పాను. అక్క మాత్రం నవ్వలేదు.

"తాతా, నూనె రాయకు. ఇది రోజూ దిగే నీరు గాదు. ఉన్నట్టుండి ఒక్క కాలికే వచ్చినాది. లోపల నెత్తురు గడ్డకట్టిందేమో. కాన్సరోళ్లకి అలాగవుతాది. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి."

"రేపెల్దుమే. ఈలోగా పిల్లడు తొక్కితే ఏటవుతాది?" అంది మామ్మ.

"ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే నీకు రేపు ఉండదు మామ్మా."

తాతయ్య నూనెగిన్నె అక్కడే పెట్టేసి జీపు కోసం పరుగెత్తాడు. ఆ పరుగుని పెంచి చెప్పాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

శ్రీకాకుళంలో పరీక్ష చేసి గడ్డేనన్నారు. ఇంజక్షన్లు ఇచ్చారు. కాలు మెల్లగా తగ్గింది. కాన్సర్ మామ్మని తీసుకెళ్లడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అంతకాలమూ ఆవిడ మా అందరితో ఉప్పు కోసం పోట్లాడుతూనే ఉంది.

అక్క కసిరి ఆపేసి ఉంటే మర్నాడు మళ్లీ ఎక్కేవాణ్ని. చేతులు వేయించింది కాబట్టి ఆ తేడా నా చేతులకే తెలిసింది. ఇప్పటికీ చుట్టాల్లో ఎవరైనా కాళ్లు వాచాయంటే ముందు రెండూ పక్కపక్కన చూస్తాను. రెండూ ఒకేలా ఉంటే డాక్టరుకి చూపించమని చెప్పి నా కబుర్లలో నేను పడతాను. ఒక్కటే వాచిందంటే ఆటో పిలుస్తాను. నేను కబుర్లు ఆపేది అప్పుడు మాత్రమే.