ఆక్సిజన్ నాబ్ నేను తిప్పిన రోజు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా! నిరుడు చలికాలంలో నా భార్య రత్నమ్మ ఊపిరి కోసం కొట్టుకులాడింది. కమ్మర్‌పల్లిలో పుట్టింట పసుపు ఉడికించిన పొగ, నా ఇంట కట్టెల పొయ్యి పొగ కలిసి ఆమె ఊపిరితిత్తులను తినేశాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే పిల్లికూతలు, చివరకు నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చాం.

డాక్టరుగారు ఆక్సిజన్ నిమిషానికి రెండు లీటర్ల మీద పెట్టించారు. నేను బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ని, ప్రెషరు పడిపోతే వాల్వు తెరవడమే నాకు తెలిసిన విద్య! ఆమె ఆయాసం చూడలేక, ఎవరినీ అడగకుండా గోడకున్న నాబ్ తిప్పాను, కొలత చూపే గాజు గొట్టంలోని గుండు ఆరు దాకా లేచింది. కాసేపటికి ఆమె కళ్లు మూతపడ్డాయి. నేను సంతోషించి, అలవాటు ప్రకారం డైరీలో రాసుకున్నాను: "11.20కి ఆరు చేశాను. 11.50కి నిద్ర పట్టింది. దేవునికి స్తోత్రం."

అది నిద్ర కాదు సహోదరులారా!

మధ్యాహ్నం పన్నెండున్నరకు నర్సు షబానా వచ్చి, "అవ్వా, లే అవ్వా!" అని భుజం తట్టి పిలిస్తే రత్నమ్మ పలకలేదు. నర్సు చూపు గోడ మీదికి పోయింది.

"గిది ఎవరు పెంచిండ్రు? ఎప్పుడు?"

ఎవరో ముట్టారని చెప్పేద్దామని కూడా, దేవుడు నన్ను క్షమించుగాక, ఒక్క క్షణం అనిపించింది. కానీ ప్రభువు నా చెయ్యి కదిపాడు, డైరీ తెరిచి ఆమె ముందు పెట్టాను.

"బాపూ, అవ్వకున్న రోగానికి ఆక్సిజన్ ఎక్కువైనా కష్టమే. లోపలి చెడుగాలి బయటికి పోక మత్తు కమ్మింది" అంటూనే గుండును దించింది, మంచం తలవైపు ఎత్తింది, డైరీలోని టైము చెప్పి డాక్టరును పిలిచింది, ఆయన ఊపిరి ఆడించే మిషను మాస్కు పెట్టించారు.

నేను వరండాలో మోకరించి, "తండ్రీ, నాకు తెలుసనుకున్నాను, నాకేమీ తెలియదయ్యా, నా గర్వానికి దాని ప్రాణం తీసుకోకు!" అని ఏడ్చాను.

సాయంత్రానికి రత్నమ్మ కళ్లు తెరిచింది! మరునాడు మాస్కు తీయగానే, ఆ టైము డైరీలో రాసుకుంటున్న నాతో ఆమె అన్న మొదటి మాట: "గా రాసుడు బందు పెట్టి జర నా చెయ్యి పట్టుకోండ్రి."

షబానా నవ్వి, ఆమెను దిండు మీదికి ముందుకు వంచి కూర్చోబెట్టి, "పెదవులు చుట్టి, వేడి చాయ్ ఊదినట్టు మెల్లగ ఊపిరి వదులు అవ్వా" అని నేర్పింది.

ఈ ఉదయం రత్నమ్మ మీ మధ్యనే కూర్చుంది, దేవునికే మహిమ! మీ ఇంట్లో ఎవరికైనా ఊపిరి ఆడకపోతే ప్రార్థించండి, తప్పక ప్రార్థించండి, కానీ నాబ్ ముట్టకుండా నర్సును పిలవండి, పిలిస్తే పరుగెత్తి వచ్చే మనుషులను ఇచ్చింది కూడా ఆయనే. తప్పు చేసి ఉంటే దాచకండి. నా చేత నిజం ఒప్పించి, ఆ ఒప్పుకోలుతోనే నా ఇల్లాలిని బతికించిన దేవుడు మిమ్మల్నీ తోసివేయడు, రండి, ఆయనను నమ్మండి! ఆమేన్.