పెరటి కుళాయి

పైపులు మార్పించి నెలైంది. అప్పట్నుంచీ మా ఇంట్లో అంట్లు తోమే మంగమ్మగారికి రోజూ ఆలస్యమే. "ఇంతసేపా?" అని విసుక్కుంటే "ఆయ్, అయిపోయిందండి" అనేవారు.

ఈ రోజు ఆవిడ జొన్నాడలో చుట్టాలింటికి వెళ్ళేరు. అంట్ల ముందు నేను కూర్చున్నాను. పెరటి కుళాయి తిప్పితే దారప్పోగంత ధార. వంటింట్లో మాత్రం నీళ్ళు బాగానే వస్తున్నాయి. పైపు వెంట చూసుకుంటూ వెళ్తే, పెరట్లోకి వెళ్ళే కొత్త వాల్వు సగం మూసి ఉంది. మేడ మీద షవర్‌కి నీళ్ళు చాలట్లేదని పైపులు మార్పించిన రోజే మూసింది నేనే.

ఫోన్ చేసి, "నీళ్ళు రావట్లేదని చెప్పొచ్చు కదండీ" అన్నాను.

"మొదటి రోజే చెప్పేనండి. వచ్చినవాటితో కానియ్యమన్నారండి మీరు."

వాల్వు పూర్తిగా తిప్పేశాను. నెల్లాళ్ళ విసుగుని వెనక్కి ఎలా తిప్పాలో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.