నక్షత్రం మీద ప్లాస్టరు

లియావ్ జిన్‌షుయ్‌కి భూకంపమంటే భయం లేదు, తుఫానంటే భయం లేదు, ఆఖరికి అత్తగారన్నా భయం లేదు. కీబోర్డు మీది నక్షత్రం గుర్తంటే మాత్రం చచ్చేంత భయం. ఆ కీ మీద, వేలు తెగితే వేసుకునే ప్లాస్టరు ఒకటి అంటించి ఉంచేవాడు. తన కీబోర్డు మీదే కాదు, తైనాన్ ఊళ్లో తను పనిచేసే చిన్న ఆఫీసులో ఉన్న పదకొండు కీబోర్డుల మీదా. టెలిఫోను మీద కూడా నక్షత్రం ఉంటుందని ఎవరో పనిలేక గుర్తు చేశారు. మర్నాటికి టెలిఫోనుకీ ప్లాస్టరు పడింది.

ఉద్యోగంలో చేరిన రోజే యాలింగ్ అడిగింది. "అన్నా, దీనికేం దెబ్బ తగిలింది?"

"ష్! మెల్లిగా తల్లీ." లియావ్ అటూ ఇటూ చూశాడు. "అది ఉత్త ఆకలిగొట్టుది. ఏది దొరికితే అది మింగేస్తుంది."

ఊళ్లో దుకాణాలవాళ్ల ఫైళ్లకు నకళ్లు తీసి దాచడం ఆ ఆఫీసు పని. అక్కర్లేని ఫైళ్లు ఏవో వాళ్లే ఒక జాబితా రాసిస్తారు. పేరులో నక్షత్రం పెట్టారంటే అక్కడ ఏమున్నా సరే, వదిలెయ్యమని. నకళ్లు తీసే పాత యంత్రానికి ఆ రాత అర్థం కాదు, దానికి రెగెక్స్ అనే గుర్తుల భాషలో చెప్పాలి. ఇందులోంచి అందులోకి మార్చడమే లియావ్ కొలువు. జాబితాలో నక్షత్రం బుద్ధిగా ఫోల్డరు గడప దాటకుండా ఉంటుంది. రెగెక్స్‌లో చుక్క తోడు దొరికిందా, గడపలన్నీ దాటి లోపలి గదుల్లోకి పోతుంది. దాన్ని ఆపాలంటే "ఫోల్డర్ల మధ్య గీత తప్ప మిగతావి" అని విడమరిచి రాయాలి. ఈ సంగతి లియావ్ రోజుకు నాలుగుసార్లు చెప్పేవాడు, అడగకపోయినా.

మార్చే ముందు ప్లాస్టరు ఊడదీసి, "చేతులు తియ్యండి!" అని కేకేసేవాడు. అందరూ పాల టీ కప్పులతో సహా చేతులు పైకెత్తాలి. యంత్రం పేచీ పెట్టకుండా పనిచెయ్యాలని దాని నెత్తిన పెట్టిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లానికి తేదీ దాటలేదు కదా అని చూసుకుని, ఒక్క నక్షత్రం కొట్టి, మళ్లీ ప్లాస్టరు వేసి, నుదుటి చెమట తుడుచుకునేవాడు.

ఆయన కుర్చీ వెనక గోడకు ఒక కాగితం వేలాడేది. పైన "నక్షత్రం మింగినవి" అని ఉండేది. కింద ముప్ఫై ఒక్క వరుసలు: ఏ ఏడు, ఏం పోయింది, తప్పెవరిది. తప్పు గడి నిండా ఒకటే పేరు, లియావ్. ముప్ఫై ఒక్కసార్లు తప్పు చేసినవాణ్ణి ఇంకా ఉద్యోగంలో ఎలా ఉంచారా అని యాలింగ్ ముక్కున వేలేసుకుంది.

ఒక శుక్రవారం ఉదయం లియావ్ పన్ను పీకించుకోవడానికి హుషారుగా వెళ్లాడు. ఫోటో స్టూడియో వాళ్ల జాబితా వచ్చింది. పెళ్లిళ్ల ఫోల్డరులో పైపైన పడి ఉన్న నమూనా బొమ్మలు అక్కర్లేదట. ఒకే ఒక్క వరుస, ఒకే ఒక్క నక్షత్రం. దీనికి ఆయన వచ్చేదాకా ఆగాలా అనుకుని, యాలింగ్ ప్లాస్టరు ఊడదీసింది. ఎవరినీ చేతులు ఎత్తమనలేదు. చుక్క, నక్షత్రం కొట్టి పంపేసింది. యంత్రం మీద పచ్చ దీపం వెలిగింది. నకలు భద్రంగా ఉందన్న ధీమాతో మధ్యాహ్నానికి స్టూడియోవాళ్లు తమ పాత డిస్కు తుడిచేసుకున్నారు.

రెండింటికి ఫోను మోగింది. స్టూడియో ముసలాయన. "అమ్మాయ్, మీరు తీసిన నకలు తెరిస్తే పంతొమ్మిదేళ్ల పెళ్లిళ్లూ ఖాళీగా ఉన్నాయేంటి? పెళ్లికొడుకులూ పెళ్లికూతుళ్లూ అందరూ ఎక్కడికెళ్లారు?"

యాలింగ్‌కి అప్పుడు అర్థమైంది. ఒక్కో జంటకూ ఒక్కో గది, లోపల వాళ్ల ఫోటోలు. నక్షత్రం గడప దాటి అన్ని గదుల్లోకీ వెళ్లింది. అన్నిటినీ అక్కర్లేనివాటిలో కలిపేసింది. పోయినవి మళ్లీ తీయడానికి ఆ పెళ్లిళ్లు మళ్లీ జరగవు. ఆమెకు ఏడుపు కూడా రాలేదు, అంత భయం వేసింది.

బుగ్గ వాచి, నోట్లో దూదితో లియావ్ అప్పుడే వచ్చాడు. ఊడిన ప్లాస్టరు చూశాడు. యాలింగ్ ముఖం చూశాడు.

"ఎంథ మింగింథి?"

"అన్నీ, అన్నా. నన్ను చంపెయ్యండి."

లియావ్ బల్ల సొరుగులోంచి అనాస కేకుల డబ్బా తీశాడు. అందులో కేకులు లేవు. ఒక డిస్కు, దానికో తీగ ఉన్నాయి. తీగ రెండో కొస బల్ల వెనకనుంచి యంత్రందాకా పోయింది.

"వథిలేసినవన్నీ నెల రోజులు ఇంథులో పథి ఉంటాయ్," అన్నాడు. దూది తీసి మళ్లీ చెప్పాడు. "పారెయ్యమన్నది నేనెప్పుడూ పారెయ్యలేదు. నాకు భయం."

గంటలో పెళ్లిళ్లన్నీ తిరిగొచ్చాయి, పూలతో సహా. ఫోనులో ముసలాయన "ఉన్నారు, ఉన్నారు, అందరూ ఉన్నారు!" అని అరిచాడు. యాలింగ్ అప్పుడు ఏడ్చింది.

లియావ్ గోడమీది కాగితం దింపి ముప్ఫై రెండో వరుస రాశాడు. తప్పు గడిలో తన పేరే పెట్టాడు.

"అయ్యో, అది నేను కదా!"

"ఊరుకో. నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు. ఇంత పొడుగు జాబితాలో నా పేరు ఇంకొకసారి ఉంటే ఎవరికి కనబడుతుంది?"

మేనేజరు ఫాంగ్ మేడం లోపలికొచ్చింది. ఆమె చెప్పుల చప్పుడుకే ఆఫీసంతా నిటారుగా కూచుంటుంది. కాగితం చదివి కళ్లెర్రజేసింది. "మళ్లీ నువ్వేనా లియావ్?"

"నేనేనండీ. బుద్ధి రాలేదు."

"ఎప్పుడొస్తుందో!" అని ఆమె యాలింగ్ బల్ల దగ్గరికి వచ్చింది. మేడం సంచిలోంచి కొత్త ప్లాస్టరు తీసి ఆమె చేతిలో పెట్టి, చెవి దగ్గర మెల్లిగా అంది.

"తొమ్మిదోది నాది. ఉద్యోగంలో చేరిన పదో రోజు. పద్నాలుగోది, అదిగో, ఆ నవ్వుతున్నవాడిది."

యాలింగ్ నోరు తెరిచి ఆఫీసంతా కలయజూసింది. ఒక్కొక్కరే తలలు దించుకుని టీ తాగుతున్నారు. "మరి మేడం, లియావ్ అన్న చేసినవి ఎన్ని?"

"ఒక్కటే. మొదటిది. అప్పుడు ఆయన పక్కన ఎవరూ లేరు."

యాలింగ్ ప్లాస్టరు కాగితం చించి, నక్షత్రం మీద అంచులు లేవకుండా గట్టిగా అద్దింది.

"చేతులు తియ్యి!" వెనకనుంచి లియావ్ కేకేశాడు.

పదకొండు మందీ చేతులెత్తారు, మేడంతో సహా.