నాన్నమ్మ వయసు

మా నాన్నకి పుట్టినరోజు లేదు. ఉన్నదల్లా బళ్లో వేసిన పుట్టినరోజే. ఏ పిల్లాడి తేదీ తెలియకపోయినా ఆ రోజుల్లో మాస్టార్లు జూలై ఒకటి అని వేసేసేవారు. ఆ లెక్కన ఊళ్లో సగం మంది ఒకే రోజున పుట్టారు. తాడేపల్లిగూడెం మిషను బళ్లో మాస్టారుగా ఉన్న మా నాన్న కూడా ఊరి పిల్లలందరికీ అదే తేదీ వేశారు కనక ఆయన పక్షాన గట్టిగా మాట్లాడడానికి లేదు.

ఆయన్ని పెంచింది మా తాత. నాన్న పసివాడిగా ఉండగా భుజాన ఎక్కించుకుని ఎక్కడి నుంచో ఏలూరు వచ్చి, మతం పుచ్చుకుని, చర్చిలో ఉపదేశిగా స్థిరపడిపోయాడు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. వదిలి వచ్చిన ఊరు ఏదో చెప్పలేదు. భార్య గురించి ఎవరైనా అడిగితే "జ్వరమొచ్చి పోయింది" అనేవాడు, అంతే. పేరు కూడా చెప్పలేదు. పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచే అలవాటు ఆ కాలపు మగవాళ్లకి లేదు కనక అందులో ఎవరికీ వింత కనిపించలేదు.

1930ల మధ్యలో, జూలై లెక్క ప్రకారం నాన్నకి యాభై నిండబోతున్నాయి. తాత పోయి అప్పటికే పన్నెండేళ్లు. ఆ వేసవి సెలవుల్లో నాన్న నన్ను పిలిచి, "మా అమ్మని ఎక్కడ సాగనంపారో ఆ నేల ఒక్కసారి చూడాలనుందమ్మా" అన్నారు. అలా అడిగిన మనిషి కాదు.

నేనప్పుడు ఏలూరులో టీచరు ట్రైనింగు చదువుతున్నాను. లెక్కల్లో మంచి మార్కులు, దానికి తగ్గట్టు పెద్ద నోరు. "తెలిసినదాని నుంచి తెలియనిది అంచనా కడదాం నాన్నగారూ" అని కూర్చున్నాను.

నాన్నకి గుర్తున్నది పిసరంతే. చుట్టూ నీళ్లు, దోనెలో తండ్రి ఒడి, గుంపుగా గూడబాతులు. పొద్దున ఎండ కుడి చెంప మీద చురుక్కుమంటోంది. మొదటి పాలపన్ను ఊడింది ఏలూరు వచ్చాకనే. పన్ను ఊడలేదు కనక వయసు ఐదు అన్నాను. పొద్దుటి ఎండ కుడివైపు పడింది కనక ఉత్తరంగా ప్రయాణం చేశారు, అంటే కొల్లేరుకి దక్షిణాన, కలిదిండి వైపు నుంచి వచ్చారు. ఇంట్లో ఇంకో పిల్ల గుర్తు లేదు కనక నాన్నే తొలిచూలు. తొలికానుపు పదిహేడేళ్లకి వేసుకుంటే, నాన్నమ్మ ఇరవై రెండో ఏట పోయింది.

మా అమ్మ వంటింట్లోంచి, "ఊడని పంటికీ ఊరికీ ముడిపెట్టావు. మోకాలికీ బోడిగుండుకీ కూడా పెట్టెయ్, ఓ పనైపోతుంది" అంది. నాన్న మాత్రం నా లెక్కని బైబిలు వాక్యం విన్నట్టు విన్నారు.

ఏలూరు నుంచి బండి, తరవాత దోనె, ఆ తరవాత కాలినడక. ఎండలకి కొల్లేరులో నీళ్లు బాగా తీశాయి. దక్షిణపు గట్టున ఊరూరా నాన్న ఒకటే మాట అడిగారు. "నలభై ఐదేళ్ల కిందట ఇరవై రెండేళ్ల పిల్ల పోయిందండీ. ఒక్కడే కొడుకండీ. మొగుడు ఆ పిల్లాణ్ని తీసుకుని కొల్లేరు దాటి వెళ్లిపోయాడండీ." ఎవరూ ఎరగమన్నారు. మూడో ఊళ్లో, "అంత పాతకాలపు మనిషి ఆవిడొక్కతేనండీ, ఆవిడనడగండి" అని ఒక రైతు ఇల్లు చూపించారు.

అరుగు మీద ఒక ముసలమ్మ చేటలో కందిపప్పు బాగుచేస్తోంది. బొట్టు లేదు, చేతులకి గాజుల్లేవు. మమ్మల్ని కూర్చోమని చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"మీ ఇళ్లలో అలా పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగారు నాన్న.

"లేదు బాబూ. మా ఇంట పోయింది ఆడమనిషి కాదు. నా మొగుడూ నా కొడుకూ. పొరుగూరు వెళ్లొస్తామని వెళ్లారు, ఇద్దరూ పోయారని మా మరిది కబురు తెచ్చాడు. ఉంటే వాడూ నీ అంతే ఉండేవాడు."

నాన్న మజ్జిగ తాగి చెంబు కింద పెట్టారు. లేచేటప్పుడు, "నాకు అమ్మ లేదండీ, మీకు కొడుకు లేడండీ" అన్నారు. ఆవిడ ఇంకాస్త మజ్జిగ పోసింది. నేను ఆ ఊరు కూడా కాదని తేల్చేశాను.

ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే అమ్మ చేస్తున్న పని ఆపేసింది.

"మొగుడూ కొడుకూ పోయారన్నారు సరే, శవాలైనా చూసిందటా?"

"లేదట. కబురొచ్చిందట."

"మతం పుచ్చుకున్నవాణ్ని ఆ రోజుల్లో ఇంటివాళ్లు ఏం చేసేవారు? బతికుండగానే నీళ్లొదిలేసేవారు. పెళ్లాం వెనకాలే పోతుందని భయముంటే ఆ పిల్లకి ఏం చెప్పుంటారు?"

వయసు అంచనా కట్టాను, దిక్కు అంచనా కట్టాను, కానుపు కూడా అంచనా కట్టాను. "పోయింది" అన్న తాత మాటని మాత్రం అంచనా కట్టలేదు, నమ్మేశాను. చచ్చిపోయిన పిల్లని వెతుక్కుంటూ వెళ్లి, బతికున్న మనిషి చేతి మజ్జిగ తాగి వచ్చేశాం. వాక్యం బోధించే నోటితో తాత కన్నకొడుక్కి ఆ అబద్ధం ఎలా చెప్పాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కోపమూ తగ్గలేదు.

అప్పటికే వానలు పట్టాయి. కార్తీకం దాకా ఆగమని అందరూ చెప్పారు. నాన్న ఆగలేదు, నేనూ వెంట వెళ్లాను. ఉప్పొంగిన కొల్లేరులో ఆయన దోనె అంచు పట్టుకుని, గొడుగు కూడా విప్పకుండా కూర్చున్నారు.

ఆవిడ ఆ అరుగు మీదే ఉంది. నాన్న దగ్గరగా వెళ్లి, గొంతు తగ్గించి, "మా నాన్నకి ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉండేదండీ" అన్నారు.

ఆవిడ నాన్న మొహంకేసి చూసింది. "కోతల్లో కొడవలి తగిలి తెగింది. నేనే పసుపద్ది కట్టాను" అంది. కాసేపటికి, "ఆయన?" అని అడిగింది.

"మతం పుచ్చుకుని ఏలూరులో ఉండేవారండీ. పోయి పన్నెండేళ్లయింది."

"పన్నెండేళ్లేనా!"

తన బోసి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. ఆ చేతుల గాజులు పగలగొట్టించిన రోజుకీ, ఆయన నిజంగా పోయిన రోజుకీ మధ్య ఎంత బతుకుందో లెక్కలు రానివాళ్లకైనా తెలుస్తుంది.

"నేను దేంతో పోయానని చెప్పారు నీకు?"

"జ్వరమన్నారండీ."

"నువ్వూ జ్వరంతోనే పోయావని నాకు చెప్పారు నాయనా" అంది.

నాన్న ఏడ్చేశారు. యాభై ఏళ్ల మనిషి, వానలో, అరుగు కింద నిలబడి. "అమ్మా, మా ఇంటికి రా" అన్నారు. లోపల్నించి ఆవిడ మరిది కోడలు, "ఎవరత్తయ్యా?" అని కేకేసింది. "ఎవరో దారినపోయేవాళ్లేనే, వానకి ఆగారు" అంది ఆవిడ తిరిగి చూడకుండా. మాతో మెల్లగా, "ఇక్కడ అమ్మా అనకు బాబూ. కిరస్తానం కొడుకున్నాడంటే నా కంచం బయటపెడతారు. ఆయన పేరున ఇన్నేళ్లు ఒంటిపూట తిని ఈ గుమ్మంలో పడున్నాను. ఇప్పుడు లేచి ఎక్కడికి రాను? నన్ను పోయిందనే అనుకో" అంది.

వానకి వణుకుతున్న నా భుజాలని తన కొంగుతో తుడిచింది. నాన్నని మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకుంటే లోపలివాళ్లకి తెలిసిపోతుందని కాబోలు. తెరిపి ఇవ్వగానే వెళ్లిపొమ్మంది.

మళ్లీ వెళ్లడానికి ఆవిడ ఒప్పుకోలేదు, మేమూ వెళ్లలేదు. ఆవిడ ఎప్పుడు పోయిందో మాకు కబురు పెట్టేవాళ్లు ఎవరున్నారు? "పోయిందనే అనుకో" అన్న ఆ ఒక్క మాట మాత్రం నాన్న వినలేదు. ఎవరడిగినా, "మా అమ్మ ఉందండీ, కొల్లేరవతల" అనేవారు. బడి నుంచి రిటైరయ్యాక కూడా అనేవారు. చివర్లో మంచాన పడ్డాక, చూడవచ్చిన చర్చివాళ్లతోనూ అదే అన్నారు.

అప్పటికి నాన్నకి ఎనభై ఐదు. నా లెక్కన ఆవిడ తొలికానుపు పదిహేడేళ్లకి, అంటే ఆవిడకి నూట రెండు. వాళ్లు నాకేసి చూశారు. నేను కూడా, "అవునండీ, ఉంది" అన్నాను.